ఫిల్ము చెప్పింది... మేరీ చేసి చూపింది

మా అమ్మ బీరువాలో పట్టుచీరల కింద రెండు కవర్లు ఉండేవి. ఒకదాంట్లో మా తమ్ముడి జాతకం. రెండోదాంట్లో వాడి వెన్నెముక ఎమ్మారై ఫిల్ము. ఇంటికి ఎవరొచ్చినా అమ్మ ఆ రెండో కవరు తీసుకొచ్చేది. వచ్చినవాళ్ళు దాన్ని ట్యూబ్‌లైటు కేసి ఎత్తిపట్టి, అటూ ఇటూ తిప్పి, తోచిందేదో చెప్పేవాళ్ళు. ఆర్నెల్లలో లేచి నడుస్తాడని ఒకరు, ఫలానా ఊళ్ళో నూనె మర్దనతో ఇలాంటివాళ్ళు బాగుపడ్డారని ఇంకొకరు. అమ్మ అందరి మాటా నమ్మేది. ఆ ఫిల్ములో ఏముందో తెలిసిన మనిషిని ఇంట్లో నేనొక్కదాన్నే. నేను మాత్రం నోరు విప్పలేదు.

ఇది మా ఇంటి కథ చెప్పుకోవడానికి రాస్తున్నది కాదు. ఆ రోజుల్లో నాకు దారి చూపించిన ఒకావిడ గురించి చెప్పాలని. ఆవిడ డాక్టర్ మేరీ వర్గీస్. నేను ఆవిణ్ణి చూడలేదు. ఆవిడ 1986లోనే వెళ్ళిపోయారు. అయినా మా ఇంట్లో ఆవిడ పేరు ఎత్తని వారం ఉండదు.

చెట్టు మీద నుంచి...

మాది చిత్తూరు దగ్గర పల్లె. నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. తమ్ముడు మామిడి తోటలు కౌలుకు తీసుకునేవాడు. ఆరేళ్ళ క్రితం కోతల సమయంలో పైకొమ్మ విరిగి కింద పడ్డాడు. తోటలో ఉన్న నలుగురూ కంగారుపడి కాళ్ళూ చేతులూ పట్టుకుని, బస్తాని ఎత్తినట్టు ఎత్తి, ఆటోలో వంచి కూర్చోబెట్టి ఆసుపత్రికి తెచ్చారు. వెన్ను దెబ్బతిన్న మనిషిని అలా వంచకూడదని, చెక్క మీదో తలుపు మీదో దుంగలా తిప్పి, తలా మెడా కదలకుండా పడుకోబెట్టి తేవాలని మాలో ఎవరికీ తెలీదు. తెలిస్తే ఏమైనా తేడా ఉండేదేమో! ఆ మాట ఇప్పటికీ నన్ను పీడిస్తుంది.

బొడ్డు కింద నుంచి వాడికి స్పర్శ లేదు. కాళ్ళు కదల్లేదు. ఎమ్మారై తీశారు. వెన్నెముక నిలబడడానికి ఆపరేషన్ చేసి రాడ్లు, స్క్రూలు వేశారు. ఆపరేషన్ అయిన మర్నాడు డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి ఫిల్మును లైటు పెట్టెకు తగిలించి ఓపిగ్గా చెప్పారు.

వెన్నుపాము అంటే మెదడు నుంచి నడుం పైభాగం దాకా దిగే నరాల కట్ట. సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, లావు చూస్తే మన చిటికెన వేలంత. దాన్ని కాపాడే గొట్టమే వెన్నెముక. ఎముక విరిగితే అతుక్కుంటుంది. లోపలి నరాల కట్ట నలిగితే ఆ పోగులు మళ్ళీ కలవడం చాలా కష్టం. ఫిల్ములో వెన్నుపాము బూడిదరంగు తాడులా, చుట్టూ ఉన్న నీరు తెల్లగా కనిపిస్తాయి. దెబ్బతిన్న చోట తాడు వాచి తెల్లబడుతుంది. ఆ తెలుపు ఎంత పొడుగ్గా ఉంటే నష్టం అంత ఎక్కువ. ఆ తెలుపు మధ్యలో నల్లటి మచ్చ కనబడితే అది లోపల రక్తం చిట్లిన గుర్తు. అది మంచిది కాదు.

మా తమ్ముడి ఫిల్ములో నల్లమచ్చ ఉంది.

ఫిల్ము ఒక్కదాన్నే చూసి తాను చెప్పడం లేదని డాక్టరుగారు అన్నారు. గుండుసూదితో, దూదితో ఒళ్ళంతా పరీక్ష చేశారట. మలద్వారం దగ్గర కూడా స్పర్శ ఉందేమో చూశారట. అక్కడ కాస్త తెలిసినా దారి పూర్తిగా మూసుకుపోలేదని లెక్క. మావాడికి అక్కడా తెలియలేదు. పరీక్షా, ఫిల్మూ ఒకే మాట చెబుతున్నాయి, కాళ్ళలోకి కదలిక తిరిగి వచ్చే అవకాశం చాలా తక్కువ అని చెప్పి, ఇంట్లోవాళ్ళకి నెమ్మదిగా తెలియజెయ్యమన్నారు.

నేను తలూపి వచ్చేశాను. మరదలికి అప్పటికి మూడో నెల. అమ్మకి బీపీ. తమ్ముడేమో కాళ్ళు ఎప్పుడు కదులుతాయని రోజూ అడుగుతున్నాడు. ఎవరికి చెప్పను? కొన్నాళ్ళు ఆగుదాం అనుకున్నాను. ఆ కొన్నాళ్ళు నాలుగు నెలలయ్యాయి.

ఆ నాలుగు నెలల్లో ఏం జరిగిందో చెబితే నన్ను తిట్టుకుంటారు. వారానికొక నూనె, నెలకొక వైద్యం. చివరికి అమ్మ ఇటుక వేడిచేసి గుడ్డలో చుట్టి వాడి పిక్కలకు కాపడం పెట్టింది. వాడికి స్పర్శ లేదు కదా, వేడి తెలియలేదు. చర్మం కాలిన వాసన వస్తే అప్పుడు చూసుకున్నాం. ఆ పుండు మానడానికి రెండు నెలలకు పైగా పట్టింది. కాల్చింది అమ్మ చెయ్యే గాని, తప్పు నాది. తెలిసీ చెప్పనిదాన్ని నేను.

ఆ పుండుతోనే వాణ్ణి వేలూరు తీసుకెళ్ళాం.

మా వేలూరు

మా వైపు వాళ్ళకి వేలూరు పరాయి ఊరు కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు మేమంతా ఉత్తర ఆర్కాటు వాళ్ళమే. చిత్తూరులో బస్సెక్కితే గంటా గంటన్నరలో రాయవేలూరు. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో తెలుగు మాట వినబడని వరండా ఉండదు. అక్కడ వెన్ను దెబ్బతిన్నవాళ్ళకి కూర్చోవడం, పడక మీద నుంచి చక్రాల కుర్చీలోకి జరగడం, పుండ్లు పడకుండా చూసుకోవడం అన్నీ నేర్పిస్తారు. రిహాబిలిటేషన్ అంటారు. ఈ విభాగం ఎలా మొదలయిందని ఒక రోజు నేను మాటవరసకి అడిగితే, కసరత్తులు చేయించే అమ్మాయి మేరీ వర్గీస్ గారి కథ చెప్పింది. తర్వాత నేను చదివి మరికొంత తెలుసుకున్నాను.

మేరీ 1925లో కేరళలోని కొచ్చిన్ ప్రాంతంలో ఒక సిరియన్ క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. కలిగిన కుటుంబం. ఆ కాలంలో కలిగిన ఇంటి ఆడపిల్లకి చదువయ్యాక పెళ్ళి, పెళ్ళయ్యాక ఇల్లు. మేరీ మాత్రం డాక్టరవ్వాలనుకున్నారు. వేలూరు మెడికల్ కాలేజీలో చేరారు.

ఆ కాలేజీకే ఒక కథ ఉంది. అమెరికన్ డాక్టరు ఐడా స్కడర్ 1900లో వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టారు. అంతకుముందు ఆవిడ వయసులో ఉండగా, ఒకే రాత్రి మూడు ఇళ్ళ మగవాళ్ళు కాన్పు కష్టమైన తమ భార్యల కోసం సాయం అడగడానికి వచ్చారట. మగ డాక్టరుని పిలవడానికి వాళ్ళు ఒప్పుకోలేదు, ఐడా అప్పటికి డాక్టరు కాదు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. అది చూసి ఆవిడ వైద్యం చదివారు. 1918లో ఆడపిల్లల కోసమే మెడికల్ స్కూలు పెట్టారు. 1942లో అది ఎంబీబీఎస్ కాలేజీ అయింది. మగపిల్లల్ని చేర్చుకున్నది 1947లో. అలాంటి చోట చదివిన మేరీ కూడా స్త్రీల వైద్యాన్నే ఎంచుకున్నారు. కాన్పులు చేసే డాక్టరు కావాలన్నది ఆవిడ ఆశ.

ఆ ఆశ 1954లో ఒక్క రోజులో తల్లకిందులయింది. తోటి డాక్టర్లతో కలిసి షికారుకు వెళ్తుండగా వాళ్ళ వ్యాను బోల్తా పడింది. మేరీ ముఖం బాగా దెబ్బతింది. అంతకన్నా పెద్ద దెబ్బ వెన్నులో తగిలింది. నడుం కింద నుంచి శరీరం చచ్చుబడిపోయింది. అప్పటికి ఆవిడకి ముప్ఫై కూడా నిండలేదు.

ఫిల్ము లేని రోజులు

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. 1954లో డాక్టర్ల చేతిలో ఏముంది? ఎక్స్‌రే. 1895లో రాంట్‌జెన్ కనిపెట్టిన ఎక్స్‌రే ఎముకని చూపిస్తుంది. ఏ పూస విరిగింది, ఎంత జరిగింది అన్నది తెలుస్తుంది. లోపలి వెన్నుపాము మాత్రం అందులో కనబడదు. గొట్టం పగిలిందని తెలుస్తుంది గాని, అందులోని తీగ తెగిందో, నలిగిందో, ఊరికే వాచిందో తెలీదు. వెన్నులో మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే ఒకటి ఉండేది. దానితో ఎక్కడ అడ్డు పడిందో తెలిసేది గాని, తాడు లోపల ఏం జరిగిందో తెలిసేది కాదు.

పోనీ, వేలూరులో నిపుణులు లేరా అంటే, మన దేశంలో మొట్టమొదటి నరాల శస్త్రచికిత్స విభాగాన్ని డాక్టర్ జేకబ్ చాందీ 1949లో మొదలుపెట్టింది అక్కడే. అంత పెద్ద ఆసుపత్రిలో పనిచేసే డాక్టరుకి కూడా అప్పట్లో దొరికింది సూదితో పరీక్ష, ఆ తర్వాత ఎదురుచూడడం. దెబ్బ తగిలిన కొత్తలో వెన్నుపాము మొత్తం మొద్దుబారిపోతుంది. ఆ మొద్దు వదలడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అది వదిలాక ఏం మిగిలిందో చూడాలి. ఇవాళ కాకపోతే రేపు, ఈ నెల కాకపోతే వచ్చే నెల అనుకుంటూ మంచం మీద గడపాలి. మేరీకి ఆ ఎదురుచూపు ఎలా గడిచి ఉంటుందో నేను ఊహించగలను. మా ఇంట్లో మరో రకంగా అదే గడిచింది. తేడా ఒక్కటే. ఆవిడ కాలంలో చెప్పగల ఫిల్ము లేదు. మా ఇంట్లో ఫిల్ముంది, చెప్పే మనిషి లేదు.

మరో సంగతి. 1940ల దాకా ప్రపంచంలో ఎక్కడైనా వెన్నుపాము తెగినవాళ్ళు ఎక్కువకాలం బతికేవాళ్ళు కాదు. వాళ్ళని చంపింది కాళ్ళు పడిపోవడం కాదు. వీపు కింద పుండ్లు, మూత్రంలో చీము. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ పేషెంట్లని రెండు గంటలకోసారి తిప్పించడం, మూత్రం విషయంలో కచ్చితమైన శుభ్రత పాటించడం, మంచం దింపి పనిలో, ఆటలో పెట్టడం మొదలుపెట్టాకే పరిస్థితి మారింది. ఈ పద్ధతి అప్పటికి మన దేశంలో వేళ్ళూనలేదు. మేరీలాంటివాళ్ళకి బతుకు నేర్పే ప్రత్యేకమైన చోటు ఇక్కడ లేదు.

చేతులున్నాయిగా!

నెలలు గడిచినా మేరీ కాళ్ళలో కదలిక రాలేదు. చదివిన చదువు ఏం కావాలి? కాన్పుల గదిలో గంటల తరబడి నిలబడాలి. అది ఇక కుదరదు. ఆవిడ నిరాశపడలేదంటే నేను నమ్మను. దైవభక్తి గల మనిషి అయినా నలిగిపోయే ఉంటారు.

అప్పుడు దారి చూపింది డాక్టర్ పాల్ బ్రాండ్. తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టి, ఇంగ్లండులో చదివి, 1946లో వేలూరు వచ్చిన సర్జన్ ఆయన. కుష్ఠురోగుల చేతులు బాగుచెయ్యడంలో ప్రపంచానికే దారి చూపినవాడు. ఆ జబ్బులో నరాలు దెబ్బతిని వేళ్ళు గోళ్ళ పంజాలా ముడుచుకుపోతాయి. పనిచేస్తున్న కండరం తాలూకు స్నాయువును తీసి, ముడుచుకున్న వేళ్ళకి కలిపి కుడితే చెయ్యి మళ్ళీ తెరుచుకుంటుంది. ఈ ఆపరేషన్ సర్జన్ కూర్చునే చేస్తారు. కూర్చుని చేసే పనికి కాళ్ళతో ఏం అవసరం? మేరీ చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చెయ్యొచ్చని బ్రాండ్ గారు అన్నారు.

మేరీ మళ్ళీ విద్యార్థి అయ్యారు. చేతి శస్త్రచికిత్స నేర్చుకున్నారు. చక్రాల కుర్చీలో ఆపరేషన్ థియేటరుకి వెళ్ళి, అందరూ అంటరానివాళ్ళని వెలివేసిన మనుషుల చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని బాగుచేశారు. ఆ రోగులకి ఎంత ధైర్యం వచ్చి ఉంటుందో చూడండి. తమ చెయ్యే ముడుచుకుంది. ఎదుట ఉన్న డాక్టరమ్మకి రెండు కాళ్ళూ లేవనే లెక్క. అయినా పని చేస్తోంది!

ఈ భాగం విన్నప్పుడు నాకు కళ్ళ ముందు కనబడింది మా అమ్మ ఇటుక. కుష్ఠురోగుల వేళ్ళు జబ్బు వల్ల వాటంతటవే రాలిపోతాయని అంతా అనుకునే రోజుల్లో, బ్రాండ్ గారు అసలు సంగతి పట్టుకున్నారు. స్పర్శ లేక, కాలినా కోసుకున్నా తెలియక, పుండ్లు పడి వేళ్ళు పోతున్నాయి. నొప్పి లేకపోవడమే ఆ జబ్బులో పెద్ద ప్రమాదం. మేరీకి ఈ సంగతి పుస్తకంలో చదవాల్సిన అవసరం లేదు. తన సగం శరీరానికీ నొప్పి తెలియదు. రోగికి ఏం జాగ్రత్త చెప్పినా తాను పాటిస్తున్న జాగ్రత్తే చెప్పి ఉంటారు.

నేర్చుకుని, నేర్పించి...

ఆవిడ అంతటితో ఆగి ఉంటే కూడా గొప్పే. ఆగలేదు. చికిత్స కోసం ఆస్ట్రేలియాలోని పెర్త్ వెళ్ళారు. వెన్ను దెబ్బతిన్నవాళ్ళు అక్కడ తమ పనులు తాము చేసుకోవడం, ఇళ్ళకి తిరిగి వెళ్ళడం చూశారు. మన దేశంలో ఇది ఎందుకు లేదన్న ప్రశ్న ఆవిడకి అక్కడే వచ్చి ఉండాలి. తర్వాత ఫెలోషిప్ మీద న్యూయార్కు వెళ్ళి, ఈ విద్యకి అమెరికాలో ఆద్యుడైన డాక్టర్ హోవర్డ్ రస్క్ సంస్థలో ఫిజికల్ మెడిసిన్, రిహాబిలిటేషన్ చదివారు. ఇవాళ లిఫ్టులూ ర్యాంపులూ ఉన్న చోట్ల కూడా చక్రాల కుర్చీలో తిరగడం ఎంత కష్టమో మాకు తెలుసు. ఆ రోజుల్లో ఒక భారతీయ స్త్రీ ఆ స్థితిలో సముద్రాలు దాటి వెళ్ళి చదువుకుని వచ్చింది!

అక్కడే ఉండిపోవచ్చు. వేలూరు తిరిగొచ్చారు. 1963లో కాలేజీలో ఈ విభాగం బాధ్యత తీసుకున్నారు. అదే ఏడు అమెరికన్ రచయిత్రి డొరొతీ క్లార్క్ విల్సన్ ఆవిడ జీవితకథని ‘టేక్ మై హ్యాండ్స్’ పేరుతో పుస్తకంగా తెచ్చారు. 1966లో రోగులు ఉండి నేర్చుకునే రిహాబిలిటేషన్ సంస్థ వేలూరులో తెరుచుకుంది. మన దేశంలో అలాంటి వాటిలో అది మొదటిది. 1972లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

పద్మశ్రీ కన్నా నాకు పెద్దగా కనిపించేది వేరొకటి. నడవలేని మనిషిని ఇంటికి పంపి, ఇక దేవుడే దిక్కనడం ఆవిడ ఒప్పుకోలేదు. ఆ మనిషి మళ్ళీ స్నానం చెయ్యాలి, వంట చెయ్యాలి, సంపాదించాలి, పిల్లల్ని స్కూలుకి పంపాలి. వైద్యం అక్కడిదాకా రావాలన్నది ఆవిడ పట్టు.

ఇప్పుడు ఫిల్ము ఏం చెబుతుంది?

మేరీ తన పని చేసుకుంటూ ఉండగానే బయట ప్రపంచంలో ఒక కొత్త యంత్రం తయారవుతోంది. 1973లో అమెరికా శాస్త్రవేత్త పాల్ లాటర్బర్ అయస్కాంతం, రేడియో తరంగాలతో మొదటి చిత్రాలు తీశారు. 1977లో మనిషి శరీరాన్ని అలా తీశారు. ఇంగ్లండుకు చెందిన పీటర్ మాన్స్‌ఫీల్డుకీ లాటర్బర్‌కీ 2003లో దీనికే నోబెల్ వచ్చింది. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే కదా, ఆ నీటిలోని హైడ్రోజన్ ఇచ్చే సంకేతాన్ని పట్టి ఈ యంత్రం బొమ్మ కడుతుంది. ఎముక లోపలి మెత్తటి వెన్నుపాము మొట్టమొదటిసారి కంటికి స్పష్టంగా కనిపించింది దీనివల్లనే. ఈ యంత్రాలు మన ఆసుపత్రులకు పాకింది మేరీ పోయిన తర్వాతే.

ఇవాళ డాక్టర్లు ఈ బొమ్మల్ని చూసి ముందు సంగతి అంచనా వేస్తున్నారు. 2015లో శాన్‌ఫ్రాన్సిస్కో డాక్టర్లు అడ్డంగా తీసిన బొమ్మని బట్టి 0 నుంచి 4 దాకా ఒక లెక్క కట్టారు. మచ్చ ఏమీ లేకపోతే 0. వెన్నుపాము మధ్యభాగానికే పరిమితమైతే 1. అంచుల వైపు కొంత పాకితే 2. అడ్డకోత అంతా నిండితే 3. రక్తం కూడా చిట్లితే 4. స్విట్జర్లాండులోని జూరిచ్ పరిశోధకులు ఇంకో సంగతి చూస్తున్నారు. దెబ్బ తగిలిన నెల రోజులకి, నలిగిన చోట పక్కగా ఆరోగ్యంగా మిగిలిన సన్నటి పోగుల వంతెన ఎంత వెడల్పుందో కొలుస్తున్నారు. వంతెన వెడల్పున్న కొద్దీ కోలుకునే అవకాశం ఎక్కువ.

అయితే ఇదేమీ రాసిపెట్టిన రాత కాదు. దెబ్బ తగిలిన మొదటి రోజుల్లో వాపు పెరుగుతూ ఉంటుంది కాబట్టి, ఏ గంటలో తీశారన్నదాన్ని బట్టి బొమ్మ మారుతుంది. ఆపరేషన్ చేసి లోహపు రాడ్లు వేస్తే ఆ చోట బొమ్మ చెదిరిపోతుంది. లెక్క వందల మందిని చూసి కట్టింది. ఒక మనిషి దగ్గరకొచ్చేసరికి ఎక్కువా తక్కువా ఉంటుంది. అందుకే డాక్టర్లు ఫిల్మునీ సూది పరీక్షనీ కలిపే మాట్లాడతారు. రావలసిన కోలుకోలులో చాలాభాగం మొదటి ఏడాదిలో, అందులోనూ తొలి నెలల్లోనే వస్తుంది. ఆ నెలల్ని నూనెల పాలు చెయ్యకూడదని చెప్పడమే ఈ ఫిల్ము చేసే అసలు మేలు అని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

మేరీకి 1954లోనే అలాంటి ఫిల్ము తీసి ఉంటే? కాళ్ళ మాట ముందే తెలిసేదేమో. ఆ ఎదురుచూపుల నెలలు తగ్గేవేమో. కానీ ఈవిడ కుర్చీలో కూర్చుని కుష్ఠురోగుల చేతులు విప్పుతుందని గాని, ఒక సంస్థని నిలబెడుతుందని గాని ఏ ఫిల్మూ చెప్పలేదు. ఫిల్ము తన పరిధిలో నిజమే చెబుతుంది. దాని పరిధి వెన్నుపాము వరకే.

నేను నోరు విప్పిన రోజు

మేరీ కథ విన్న సాయంత్రమే తమ్ముడికి అంతా చెప్పేశాను. నల్లమచ్చ సంగతి, డాక్టరుగారు చెప్పింది, నేను దాచింది, అన్నీ. వాడు కాసేపు గోడకేసి చూశాడు. నా మీద కేకలేస్తాడనుకున్నాను. కొంతసేపటికి వాడు అడిగింది ఒక్కటే. మన ఇంటి తలుపులోంచి చక్రాల కుర్చీ పడుతుందా అని. పట్టదు. మర్నాడే మావారికి ఫోన్ చేసి మేస్త్రీని పిలవమన్నాను. తలుపు వెడల్పు చేయించాం. గడప తీయించి వాలు కట్టించాం. గడప తీస్తే లక్ష్మి నిలవదని అమ్మ ఏడ్చింది. నా కొడుకు గడప దాటకపోతే లక్ష్మి నిలుస్తుందా అని తనే మళ్ళీ ఊరుకుంది.

మరదలికి చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. నాలుగు నెలలు తనని పిచ్చిదాన్ని చేశానని అంది. నిజమే కదా! వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత వేలూరులో నర్సు దగ్గర మూత్రం గొట్టం శుభ్రంగా పెట్టడం తనే దగ్గరుండి నేర్చుకుని, వాడికీ నేర్పింది. వాడి సంగతి వాడే చూసుకోవాలని, తనకి పుట్టబోయే బిడ్డ ఉందని తెగేసి చెప్పింది. అప్పుడు కఠినంగా అనిపించింది. ఇప్పుడు చూస్తే వాణ్ణి నిలబెట్టింది ఆ మాటే.

మావాడి కాళ్ళలో కదలిక రాలేదు. ఫిల్ము చెప్పినట్టే అయింది. కాని రెండు నెలల శిక్షణలో భుజాల బలంతో మంచం మీద నుంచి కుర్చీలోకి జరగడం నేర్చుకున్నాడు. కుర్చీలో ఉన్నంతసేపూ పది పదిహేను నిమిషాలకోసారి చేతుల మీద లేచి పిరుదులకి గాలి తగలనిస్తాడు. రోజూ రాత్రి చిన్న అద్దం పెట్టుకుని కాళ్ళూ వీపూ ఎక్కడైనా ఎర్రబడిందేమో చూసుకుంటాడు. ఆ పిక్క మీద కాలిన మచ్చ మాత్రం అలాగే ఉంది. ఆరేళ్ళలో మరో పుండు పడలేదు.

కూర్చుని చేసే పని ఏముందని వెతికాం. మా వైపు బోరు మోటార్లకి కరువా? మోటారు వైండింగు నేర్చుకున్నాడు. ఇంటి ముందు రేకుల షెడ్డు వేశాం. బల్ల ఎత్తు కుర్చీకి సరిపోయేలా మావారే కోయించారు. వేసవిలో చేతికి ఖాళీ ఉండదు. అయిదేళ్ళ కూతురు రాగితీగ ముక్కలతో గాజులు చేసుకుంటుంది.

ఇలాంటి కష్టం ఎవరికీ రాకూడదు. వస్తే మాత్రం, డాక్టరు ఫిల్ము చూసి చెప్పిన మాటని దాచకండి. కూర్చోబెట్టి, రెండుసార్లయినా అడిగి, అర్థం చేసుకోండి. ఏమి రాదో తెలుసుకోండి. ఏమి మిగిలిందో అంతకన్నా శ్రద్ధగా తెలుసుకోండి. స్పర్శ లేని ఒంటికి కాపడం పెట్టకండి. రిహాబిలిటేషన్ ఆలస్యం చెయ్యకండి. మేరీ వర్గీస్ గారికి కాళ్ళు పోయాయి. మిగిలినవి రెండు చేతులు. ఆ రెండు చేతులు ఎంతమందికి ఆసరా అయ్యాయో లెక్క లేదు. అందులో మావాడూ ఒకడు.

మొన్న సంక్రాంతికి బీరువా సర్దుతుంటే ఫిల్ము కవరు కనబడలేదు. అమ్మని అడిగాను. మోటారు షెడ్డులో కరెంటు బిల్లుల దొంతర్లో పెట్టిందట. జాతకం మాత్రం ఇంకా చీరల కిందే ఉంది. మనవరాలిదట, కొత్తగా రాయించింది!